దర్భ వెయ్యని పెట్టె

"ఈ డబ్బాలు ఎవరు కడిగారు?"

సింధూరి అడిగింది ఆ ఒక్కమాటే. వీధరుగు మీద ఎండలో వరసగా బోర్లించిన ప్లాస్టిక్ డబ్బాల ముందు, నడుం మీద చెయ్యేసుకుని నిలబడి అడిగింది. నెలలు నిండిన కడుపుతో వంగలేక, కాలి బొటనవేలితో ఒక డబ్బాను కదిపింది. అది దొర్లుకుంటూ వెళ్ళి మెట్టు కింద పడింది. లోపల ఏమీ లేదు.

సుభద్రమ్మ తడిజుట్టు తువ్వాలుతో దులుపుకుంటూ కోడలి వైపు చూడకుండా జవాబిచ్చింది.

"నేనే కడిగేను. గ్రహణం విడిసింది కదా, ఇల్లంతా కడిగేను. అవీ కడిగేను."

"అందులో ఉన్నవి?"

జవాబు చెప్పడం ఇష్టం లేనప్పుడల్లా సుభద్రమ్మకు వంటింట్లో పని గుర్తొస్తుంది. ఇప్పుడూ గుర్తొచ్చింది. "పాలు పొంగిపోతన్నాయేమో" అంటూ లోపలికి నడిచింది. పొయ్యి మీద పాలు లేవన్న సంగతి ఇద్దరికీ తెలుసు.

సింధూరి గోడ పట్టుకుంటూ సామాన్ల గదిలోకి వెళ్ళింది. అక్కడ బియ్యం బస్తాల పక్కన పాత డీప్ ఫ్రీజరు ఉంది. రాజాంలో మూసేసిన ఐస్‌క్రీం కొట్టు నుంచి సింధూరి భర్త మోహనకృష్ణ ఆమె కోసమే తెచ్చిపెట్టాడు. నిన్న సాయంత్రం వరకూ అది నిండుగా ఉంది. సాలూరు నుంచి తల్లి వండి పంపిన బాలింత పత్యమంతా అందులోనే ఉంది. పచ్చమూతల డబ్బాల్లో మునగాకు వేసిన తెలగపిండి కూర, ఎర్రమూతల డబ్బాల్లో మిరియాల చారు, నీలంమూతల వాటిలో సొరచేపతో చేసిన సొరపిట్టు. పురిటి తర్వాత రోజుకొకటి తీసి వేడి చేసుకుంటే చాలు.

మూత ఎత్తింది. మంచుపట్టిన గోడలు తప్ప ఏమీ లేవు.

మూత దబ్బున పడింది. ఆ చప్పుడుకు, ధాన్యం కొట్టుకు బయల్దేరుతూ చెప్పుల్లో కాలుపెట్టిన మామగారు నారాయణమూర్తి ఉలిక్కిపడ్డాడు. లోపలికెళ్ళి ఏమిటని అడగాలా, బయటికెళ్ళిపోవాలా అని క్షణం ఆలోచించాడు. ముప్ఫయ్యేళ్ళ కాపురం నేర్పిన తెలివి ఎక్కడికి పోతుంది? రెండో చెప్పు కూడా తొడుక్కుని వీధిలోకి వెళ్ళిపోయాడు.

నోట్లో బ్రష్షుతో పెరట్లోంచి పరిగెత్తుకొచ్చినవాడు మోహనకృష్ణే.

"ఏటయింది? పడిపోయేవా?"

"నేను పడలేదు బావా. మా అమ్మ వండి పంపిన తిండంతా ఏటయిందో మీ అమ్మని అడుగు."

అతను అడగనక్కర్లేకపోయింది. వంటింట్లోంచే వినబడింది.

"గోతిలో ఉన్నాది. కొబ్బరిసెట్టు మొదట్లో. పొద్దున్నే పాలు పోయడానికొచ్చిన అప్పలసూరి సేత గొయ్యి తీయించి పూడ్పించేను. కుక్కలు ముట్టకుండా పైన రాయి కూడా ఎట్టించేను."

మోహనకృష్ణ నోట్లో నురగ మింగేశాడు.

"ఎందుకమ్మా?"

"ఎందుకంటే ఏటి సెప్పను? గ్రహణం పట్టిన తిండి బాలింతకి ఎవరైనా పెడతారేటి? నేనున్న ఇంట్లో పెట్టనిస్తానా?"

"రాయిలా గడ్డకట్టిన తిండికి గ్రహణమేటి అత్తయ్యా?" అంది సింధూరి.

"సముద్రానికి పడతాది, సెట్టుకి పడతాది, నీ పెట్టెకి పట్టదా?"

"అయినా నువ్వు దర్భ వేసేవు కదమ్మా," అన్నాడు మోహనకృష్ణ. "ఆవకాయ జాడీ మీద వేసేవు, పెరుగు మీద వేసేవు, ఫ్రిజ్జులో వేసేవు, ఆఖరికి నీళ్ళ డ్రమ్ము మీద కూడా వేసేవు. నేను సూసేను. దర్భ వేస్తే దోషం లేదని నువ్వే అంటావు."

సుభద్రమ్మ వంటింట్లో గిన్నెలు అటూ ఇటూ జరిపింది.

అసలు కథంతా ఆ దర్భలోనే ఉంది. గ్రహణం పట్టకముందు ఆమె దర్భ పరకలు తుంచి ఇంట్లో తినేవాటి మీద, తాగేవాటి మీద ఒక్కొక్కటీ వేసుకుంటూ వచ్చింది. వంటిల్లు అయింది, పూజగది అయింది, పెరడు అయింది. సామాన్ల గది గుమ్మం దాకా వెళ్ళి, "ఇక్కడ బియ్యమే కదా" అనుకుని వెనక్కి తిరిగింది. ఫ్రీజరులో ఉన్నది ఆమె వండింది కాదు. వియ్యపురాలు వండింది. తన చేతి వంట కానిది తన కంటికి ఆనలేదు. పొద్దున స్నానం చేసి ఆ పరకలన్నీ ఏరి పారేస్తుంటే, ఫ్రీజరు గుయ్యిమని మోగింది. అప్పుడు గుర్తొచ్చింది. ఇంకో పది రోజుల్లో పురుడు పోసుకోబోయే పిల్ల, దాని పొట్టలోకి గ్రహణపు తిండి! దాని వల్ల పసిగుడ్డుకు ఏదైనా అయితే? అంతకుమించి ఆమె ఆలోచించలేదు. అప్పలసూరిని కేకేసింది.

మరిచిపోయాను అన్న ఒక్కమాట అనేస్తే సరిపోయేది. కానీ మరిచిపోవడం సుభద్రమ్మకు అలవాటు లేదు, ఒప్పుకోవడం అసలే లేదు.

"రాత్రంతా మీరు చెప్పినట్టే పడుకున్నాను," అంది సింధూరి. "పక్కకు తిరగొద్దన్నారు, తిరగలేదు. గోరుతో గీరుకోవద్దన్నారు, గీరుకోలేదు. గొంతెండిపోతున్నా నీళ్ళు తాగలేదు. మీ మాట మీద గౌరవంతో చేశాను. మీరు నన్ను లేపి ఒక్కమాట అడగలేకపోయారా?"

"అడిగితే ఒప్పుకుందువా?"

"ఒప్పుకునేదాన్ని కాదు. అందుకే మీరు అడగలేదు." సింధూరి కళ్ళు నిండాయి. "తొలిచూలు పురుడు పుట్టింట్లో పోస్తారు. మా ఇంటి పైకప్పు పగలగొట్టి బాగుచేస్తున్నారని, సిమెంటు దుమ్ములో పసిపిల్ల వద్దని అమ్మ ఇక్కడే ఉండమంది. పురిటికి రాలేనని కూడా అంది. సరే అన్నాను. అమ్మ రాకపోయినా అమ్మ చేతివంటైనా ఉందనుకున్నాను. అది కూడా మీకు కంటగింపైపోయింది. మొదటి డబ్బా వచ్చిన రోజు నుంచీ మీ మొహం చూస్తూనే ఉన్నాను."

ఈ మాట తగలాల్సిన చోట తగిలింది. మొదటి డబ్బాలు వచ్చిన రోజు పక్కింటి బుల్లమ్మతో గోడ మీంచి ఏమన్నదో సుభద్రమ్మకు బాగానే గుర్తుంది. "నేను సచ్చిపోయేనేటి పత్యం వండడానికి? సాలూరు నుంచి మోసుకురావాలా?" అంది. ఆ అక్కసు ఇంకా కడుపులోనే ఉంది. దర్భ మరిచిపోయింది నిజమే. కానీ గోతిలో మట్టి కప్పుతున్నప్పుడు మనసులో ఒక మూల హాయిగా అనిపించలేదూ? అనిపించిందేమో. ఆమెకే తెలియలేదు.

సింధూరి గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుంది.

తల్లీ కొడుకులు ఆ తలుపు వైపు చూస్తూ నిలబడ్డారు.

"దానికి బీపీ ఎక్కువుంది, మనసు కుదురుగా ఉంచాలని డాక్టరమ్మ సెప్పిందా నేదా?" మోహనకృష్ణ గొంతు తగ్గించి అడిగాడు. "ఒక్కసారి తలుపు దగ్గరకెళ్ళి తప్పయిందని సెప్పమ్మా."

"ఏటి తప్పు? సెప్పను."

"అయితే అది ఈ ఇంట్లో ఏమీ తినదు. హోటల్నించి ఇడ్లీ తెస్తాను."

సుభద్రమ్మకు చెంప మీద కొట్టినట్టయింది. ఆమె పొయ్యి వెలుగుతుండగా ఆ ఇంటికి హోటలు ఇడ్లీ ఎన్నడూ రాలేదు. మోహనకృష్ణ బండి తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆ బండి సందు మలుపు తిరిగిందో లేదో, గేటు ముందు ట్రాన్స్‌పోర్టు వ్యాను వచ్చి ఆగింది.

ఆ వ్యాను ఎవరిదో సుభద్రమ్మకు చూడకుండానే తెలుసు. సాలూరులో లారీలు తిప్పే సీతారామారావుది. సింధూరి తండ్రి. ప్రతీసారీ దాని డ్రైవరు గంగులే మంచుపెట్టె తెచ్చి అరుగు మీద పెట్టి పోతుంటాడు. ఈసారి మాత్రం అతని వెనకాల సింధూరి తల్లి కన్యాకుమారి కూడా దిగింది. దేవుడా, ఈవిడ ఈ రోజే రావాలా అనుకుంది సుభద్రమ్మ.

గంగులు మంచుపెట్టె దింపి వ్యాను దగ్గరకు వెళ్ళి నిలబడ్డాడు. కన్యాకుమారి మెట్లు మెల్లగా ఎక్కింది. రెండో మెట్టు మీద ఆగి ఊపిరి తీసుకుంది. మనిషి చిక్కిపోయింది. జాకెట్టు భుజాల దగ్గర వదులైంది. అరుగు మీద బోర్లించిన డబ్బాలు చూడగానే ఆమె మొహం మాత్రం విప్పారింది.

"అప్పుడే ఖాళీ సేసేసిందేటి వదినా? పురుడు రాకముందే తినేస్తందేటి మా పిల్ల? పోన్లెండి, తిననీండి. మళ్ళీ తెచ్చేను."

వియ్యపురాలు వచ్చి అరిస్తే ఏమనాలో సుభద్రమ్మ సిద్ధం చేసుకుంది. ఆచారం గురించి, మనవడి క్షేమం గురించి రెండు మాటలు గట్టిగానే అనాలనుకుంది. ఇలా మురిసిపోతే ఏమనాలో సిద్ధం చేసుకోలేదు.

"కూకోండి వదినా," అని చాప వేసింది. తనూ ఎదురుగా కూలబడింది. కొడుకుతో అనలేని మాట ఈమెతో అనేసింది. "రాత్రి గ్రహణానికి అన్నిటి మీదా దర్భ వేసేను. ఆ పెట్టెలో వెయ్యడం మర్సిపోయేను. పొద్దున్న గుర్తొచ్చింది. భయమేసింది. అన్నీ తీసి గోతిలో పూడ్పించేసేను."

కన్యాకుమారి బోర్లించిన డబ్బాల వైపు మళ్ళీ చూసింది.

"అన్నీనా?"

"అన్నీ."

"సొరపిట్టు?"

"అదీ."

"తెలగపిండి కూడానా?"

"అదీ వదినా."

కన్యాకుమారి అరవలేదు. మంచుపెట్టె మీద చెయ్యి వేసి, దాని మూతను నెమ్మదిగా నిమిరింది. ఆ నిమరడం చూడలేక సుభద్రమ్మే గొంతు పెంచింది.

"నన్ను తిట్టండి వదినా! అలా కూకోకండి. నేను వండుతాను, మీరెలా సెప్తే అలాగే వండుతాను. నేదంటే మీరే ఓ నాలుగు రోజులు ఇక్కడుండండి. నా వంటిల్లు మీకొదిలేస్తాను. గుమ్మంలోకి కూడా రాను."

తన వంటిల్లు వదిలేస్తానని సుభద్రమ్మ కట్టుకున్నవాడితో కూడా ఎప్పుడూ అనలేదు. కన్యాకుమారి ఆ మాటకు చిన్నగా నవ్వింది.

"నాకు టయిము నేదు వదినా."

"ఏం, ఇల్లు కట్టేది మేస్త్రీలు కదా, మీరేటి సేస్తారక్కడ?"

"ఇల్లు బాగానే ఉన్నాది. దానికి ఏ రోగమూ నేదు. నాకే వచ్చింది."

సుభద్రమ్మకు అర్థం కాలేదు. కన్యాకుమారి గది తలుపు వైపు ఒకసారి చూసింది. పైట కింద ఎడమవైపు అరచెయ్యి ఆనించి, పెదవులు కదిలీ కదలనట్టు చెప్పింది.

"ఇక్కడ గడ్డ. పోయిన నెల విశాఖపట్నంలో సూది గుచ్చి ముక్క తీసేరు. అదేనంట. వచ్చే బుధవారం ఆపరేషను, రొమ్ము తీసేస్తారంట. ఆనక నెలల తరబడి మందులు ఎక్కిస్తారంట. ఎప్పటికి మనిషినవుతానో, అవుతానో నేదో."

వీధిలో ఎవరో ఉల్లిపాయలమ్ముతున్న కేక వినబడుతోంది కానీ అది ఎక్కడో దూరంగా ఉంది. సుభద్రమ్మ కళ్ళు బోర్లించిన డబ్బాల మీద నిలిచిపోయాయి. ఎంత శుభ్రంగా తోమింది! చింతపండు వేసి, బూడిద వేసి, తెలగపిండి వాసన కూడా మిగలకుండా తోమింది.

"ఆ రోగంతో వండేరా ఇవన్నీ?"

"నిలబడలేక కుర్సీ ఏసుకుని వండేను. మీకు సేతకాదని కాదు వదినా, ఒట్టు. దాని పురిటికి నేను పక్కనుండను. అమ్మేది అని అది అడిగినప్పుడు, నా సేతి కూడైనా దాని కంచంలో ఉంటాదనుకున్నాను. రోజుకో డబ్బా తింటే అమ్మ ఉన్నట్టే ఉంటాది కదా అనుకున్నాను."

"ఓలమ్మా!" సుభద్రమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆమెకు అప్పటికప్పుడు పెరట్లోకి పరిగెత్తి, రాయి లాగిపడేసి, చేతుల్తో ఆ మట్టి తవ్వాలనిపించింది. తవ్వితే ఏం వస్తుంది? అంతా మట్టిలో కలిసిపోయి ఉంటుంది. "నేనేటి సేసేను వదినా! మీ ప్రాణం పెట్టి వండింది తీసుకెళ్ళి గోతిలో పోసేను. నాకు దిక్కుమాలిన అక్కసు కూడా ఉంది వదినా, ఒక్క దర్భే కాదు. మీ వంట నా ఇంట్లో ఎందుకన్న అక్కసు."

"నాకు తెలుసు. మీ స్థానంలో నేనున్నా అంతే."

కన్యాకుమారి ఆ మాట ఎంత మామూలుగా అన్నదంటే సుభద్రమ్మకు ఇంకా ఏడుపొచ్చింది.

"పిల్లకి సెప్పలేదా?"

"సెప్పకూడదు!" కన్యాకుమారి ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది. "అసలే బీపీ. పైగా అది బిడ్డకి పాలివ్వాల వదినా. తల్లి రొమ్ముకి ఈ గతి పట్టిందని తెలిస్తే, బిడ్డ నోటికి రొమ్మందించినప్పుడల్లా నేనే గుర్తొస్తాను. దానికి పాలు పడతాయా? భయానికే ఎండిపోతాయి. బిడ్డ పుట్టి, దానికి పాలు నిలిసేదాకా మీ నోట రాకూడదు. నా సేతిలో సెయ్యేసి మాటియ్యండి."

సుభద్రమ్మ చెయ్యి వేసింది.

గది గడియ తీసిన చప్పుడైంది. ఇద్దరూ చేతులు వెనక్కి లాక్కుని లేచి నిలబడ్డారు.

సింధూరి గుమ్మంలో నిలబడింది. ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బింది. తల్లిని చూడగానే చిన్నపిల్ల అయిపోయింది.

"అమ్మా! వచ్చేవా! నన్ను తీసుకుపో. ఇప్పుడే. ఈవిడ చేతిలో నేను పురుడు పోసుకోను."

"తల్లీ, ఇంటికాడ దుమ్ము..."

"ఏ దుమ్మమ్మా?" సింధూరి గొంతు ఒక్కసారి మారిపోయింది. "వ్యాను చప్పుడు వినబడితే లేచి కిటికీ తీశాను. గేటు దగ్గర గంగులన్న ఉన్నాడు. ఇంటి పని ఎంతవరకూ వచ్చిందని అడిగాను. ఏం పనమ్మా, ఇంటికాడ ఒక్క ఇటుక కూడా కదపలేదు అన్నాడు. నాతో ఎందుకు అబద్ధం చెప్పావు? కన్నకూతురు పురిటికి వస్తే బరువైపోయిందా నీకు?"

కన్యాకుమారి మొహంలో రక్తం లేదు. గోడకు చెయ్యి ఆనించింది. ఇంకొక్క క్షణం సుభద్రమ్మ ఊరుకుంటే ఆమె చెప్పేస్తుంది. లేదా పడిపోతుంది. సుభద్రమ్మకు ఏదీ ఆలోచించే వ్యవధి లేదు. పొద్దుట్నుంచి కొడుకూ కోడలూ ఎంత అడిగినా తప్పు ఒప్పుకోని మనిషి, చెయ్యని తప్పు ఒప్పుకోవడానికి ఒక్క అడుగు ముందుకు వేసింది.

"మీ అమ్మనేటి అడుగుతావు? నన్నడుగు. ఇంటికి మరమ్మతని సెప్పమన్నాది నేను. పురిటికి రావొద్దన్నాదీ నేనే."

"ఏటీ?"

"నా మనవడు నా ఇంట్లోనే పుట్టాల. పురుడు నేనే పొయ్యాల. మధ్యలో ఇంకో మనిషి నా వంటింట్లో తిరగడం నాకిష్టం నేదు. కాదూ కూడదంటే నీ కూతుర్ని సుఖంగా ఉండనియ్యనని మీ అమ్మని బెదిరించేను. భయపడి ఒప్పుకుంది. సాలా?"

సింధూరి అత్తను అలా చూస్తూ ఉండిపోయింది. కోపంతో కాదు. పరాయి ఇంట్లోకి పొరపాటున వచ్చిన మనిషిలా చూసింది. ఆ చూపు కంటే హోటలు ఇడ్లీ నయమనిపించింది సుభద్రమ్మకు.

"ఇన్నాళ్ళూ మీరు పెట్టిన అన్నం తిన్నాను," అంది సింధూరి నెమ్మదిగా. "ఇక మీ చేతి నీళ్ళు కూడా నాకొద్దు."

"సింధూ, అలాగనకే..." కన్యాకుమారి తట్టుకోలేక అడుగు ముందుకేసింది.

"నువ్వు పిచ్చిదానివమ్మా! ఈవిడకి భయపడి నాకు దూరంగా ఉన్నావా?" సింధూరి గబగబా వచ్చి తల్లిని వాటేసుకుంది. కడుపు అడ్డమొస్తే పక్కకు ఒరిగి, చిన్నప్పటి నుంచీ ఉన్న అలవాటు కొద్దీ తల్లి ఎద మీద, ఎడమవైపు, తల మోపింది.

"అబ్బా!"

కన్యాకుమారి కేక ఇల్లంతా వినబడింది. రెండు చేతులతో కూతురి భుజాలు పట్టి వెనక్కి నెట్టేసింది. సింధూరి తూలబోతే సుభద్రమ్మ వెనకనుంచి పట్టుకుని ఆపింది.

పుట్టి బుద్ధెరిగాక సింధూరిని తల్లి దూరం నెట్టడం అదే మొదటిసారి.

"ఏటమ్మా?" సింధూరి గొంతు గుసగుసలా వచ్చింది. "ఏటయింది నీకు?"

"ఏమీ నేదు తల్లీ. వ్యానులో తలుపు తగిలింది." కన్యాకుమారి కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. ఒక చెయ్యి పైట కింద ఎడమవైపు అదిమిపెట్టుకుంది. రెండో చెయ్యి ఆసరా కోసం గాలిలో తడుముకుంది. సుభద్రమ్మ కోడలిని వదిలి ఒక్క అంగలో వచ్చి ఆ చేతిని అందుకుంది. కన్యాకుమారి ఆమె వేళ్ళను పట్టుకుని ఇక వదల్లేదు.

సింధూరి తల్లి మొహం చూసింది, అత్త మొహం చూసింది. తల్లిని బెదిరించి దూరం పెట్టానని ఇప్పుడే చెప్పిన మనిషి చేతిని, ఆ తల్లి ఎందుకంత గట్టిగా పట్టుకుని ఉందో ఆమెకు అంతుపట్టలేదు. ఆమె చూపు వాళ్ళ చేతుల మీదే ఆగిపోయింది.